‘లేదు’ అనే జవాబు

ఉదయం నుంచి రోహిణి ఒకే ఆజ్ఞను జ్ఞాపకాలు దాచే మూడు నిక్షేపాలకు పంపుతోంది. మూడూ మూడు రకాలుగా బదులిస్తున్నాయి. ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆజ్ఞ చాలా చిన్నది: ‘చూపు’. విశాఖలో ఇప్పుడు మరుపు వచ్చినవాళ్లంతా చెవి వెనక స్మృతిగుళిక పెట్టుకుంటున్నారు. ఎదురుగా ఉన్నది ఎవరో, తలుపు తాళం ఎక్కడుందో తెలియకపోతే నోటితో అడిగితే చాలు. గుళిక ఆ ప్రశ్నను ఈ ఆజ్ఞతో నిక్షేపానికి పంపి, దాచిన జ్ఞాపకాన్ని వెతికించి చెవిలో చెబుతుంది. చిక్కల్లా ఆ నిక్షేపాలను నడిపే చాలకాలనే ప్రోగ్రాములతోనే. ఆస్పత్రుల్లో శ్వేత, ఓడరేవులో సాగర, ఇళ్లలో గృహ. అడిగింది దొరక్కపోతే శ్వేత ‘దాచలేదు’ అంటుంది. సాగర ‘అందడం లేదు, కాసేపు ఆగండి’ అంటుంది. గృహ అయితే ఏమీ అనకుండా ఊరుకుంటుంది.

“ఒక ప్రశ్నకు ఒకటే జవాబు ఉండాలమ్మా. రోగి ఇంటి నుంచి ఆస్పత్రికి వస్తే డాక్టర్లు తికమకపడుతున్నారు” అంది పై అధికారి ప్రసూనాంబ.

“మేడమ్, ఆ మూడూ ఒకటి కావు. దాచకపోవడం వేరు, అందకపోవడం వేరు.”

“వినేవాడికి తేడా ఏముంది? దొరకలేదు, అంతేగా. పొట్టిగా ఒక్క మాట పెట్టు.”

ఈ వాదన నెలల తరబడి సాగింది. రోహిణి ఒక చాలకాన్ని సరిచేస్తే ఇంకోటి చెడేది. తేదీలు తారుమారయ్యేవి, పేర్లు సగానికి తెగిపోయేవి. పక్క బల్ల దగ్గరి మస్తాన్ వలీ రోజూ టీ తెచ్చిపెట్టి, “వదిలెయ్ రోహిణీ, వాళ్లడిగింది ఇచ్చెయ్” అనేవాడు. చివరికి ఆమె విసిగిపోయింది. మూడు జవాబుల స్థానంలో ‘లేదు’ అని పెట్టింది. మూడు చాలకాలూ పరీక్షలన్నీ ఒక్కసారే నెగ్గాయి. ప్రసూనాంబ మిఠాయి పంచింది.

ఆ కొత్త జవాబు ఇళ్లకు చేరిన వారానికి రోహిణి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి, అన్నయ్య సింహాద్రి వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తలారా స్నానం చేశాడు. లుంగీ తడిసి ఒంటికి అంటుకుపోయింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

పడవ ఇంజను మీద పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి అతనికి గుళికే దిక్కు. భార్య పోయాక చెల్లెలి దగ్గరే ఉంటున్నాడు. కూతురు యశోద రేవులో ఓడల మరమ్మతు చేస్తుంది. అందుకే ఆమె గురించిన జ్ఞాపకాలన్నీ సాగర నడిపే రేవు నిక్షేపంలోనే ఉంటాయి.

“ఏటయింది అన్నయ్యా? ఈ వేళప్పుడు స్నానమేటి?”

“పాప లేదంటమ్మా” అన్నాడతను నెమ్మదిగా. “మా పాప ఏదీ అని అడిగినాను. లేదన్నాది.”

ఆ పూట రేవు నిక్షేపానికి మరమ్మతు జరుగుతోందని రోహిణికి తెలుసు.

“కాదన్నయ్యా! లేదంటే... రేవు నుంచి జవాబు అందలేదని అర్థం. యశోద బాగానే ఉంది.”

“మళ్లీ మళ్లీ అడిగినాను. అదే మాట. నువ్వు సేసిందే కదా, తప్పెందుకు సెబుతాది?”

ఆమె లోపలికి పరుగెత్తి యశోదకు కబురు పెట్టింది. తర్వాత ప్రసూనాంబకు ఫోన్ చేసి, “సాగర పాత జవాబు ఈ రాత్రికే తిరిగి పెట్టనివ్వండి” అని బతిమాలింది.

“మళ్లీ మూడు జవాబులా? అన్ని ఆస్పత్రులూ కొత్తదానికి అలవాటుపడ్డాయమ్మా. సమావేశంలో చూద్దాం.”

“మా అన్నయ్య బతికున్న కూతురికి మైల స్నానం చేశాడు మేడమ్!”

“సమావేశంలోనే చెప్పు” అని ప్రసూనాంబ ఫోన్ పెట్టేసింది. రోహిణి ఫోన్‌ను మంచం మీదికి విసిరికొట్టింది.

యశోద నూనె మరకల బట్టలతోనే వచ్చింది. మెట్టు దగ్గరికి వచ్చి తండ్రి మోకాళ్లు పట్టుకుంది. “నాన్నా, నేనే!”

సింహాద్రి ఆమె మొహంలోకి చూశాడు. “ఎవరీ అమ్మాయి?” అని గొణిగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. అతని పెదవులు ఆ మాటను పలికాయి. ‘లేదు.’

“అది తీసెయ్యి అన్నయ్యా” అంటూ రోహిణి గుళిక కోసం చెయ్యి చాచింది. అతను చెవిని గట్టిగా మూసుకుని, భయపడ్డ పిల్లాడిలా వెనక్కి జరిగాడు.

యశోద ఏడుపు ఆపుకోలేకపోయింది. అది చూసి సింహాద్రి మొహం మెత్తబడింది. జరిగి, తన పక్కన మెట్టు మీద చోటు చేశాడు. తడి చేత్తో ఆమె తల నిమిరాడు.

“ఊరుకో తల్లీ, ఊరుకో. నీకెవరు పోయినారమ్మా?”