మూడో పార్టిషన్

“కంప్యూటర్‌ని ఎత్తుకురావద్దు, పగలగొట్టవద్దు. అందులో రెండు ఆపరేటింగ్ సిస్టమ్స్ ఉన్నాయి. ఒక్కదాన్ని మార్చి రా,” అన్నాడు చీఫ్ రామచంద్రం.

పదిహేనేళ్ల సర్వీసులో ఏజెంట్ ఇమ్మాన్యుయేల్‌కి ఇలాంటి పని ఎప్పుడూ తగల్లేదు.

1999 జూన్. హైటెక్ సిటీ టవర్ ఐదో అంతస్తులో నోర్‌వెల్ సిస్టమ్స్ అనే విదేశీ కంపెనీ. దాని బాస్ వోల్కర్ కంప్యూటర్‌లో పైకి కనిపించేది విండోస్ 98. స్టార్ట్ చేసేటప్పుడు ఒక పేరు టైప్ చేస్తే మాత్రం లినక్స్ అనే రెండో సిస్టమ్ తెరుచుకుంటుంది. మన రాడార్ డ్రాయింగులు సరిహద్దు దాటుతున్నది అందులోంచే. దాని స్థానంలో అచ్చం అలాగే ఉండే మన లినక్స్ పెట్టాలి. అది తప్పుడు డ్రాయింగులు పంపుతుంది.

“విండోస్‌లో చిన్న తేడా వచ్చినా వోల్కర్ తన సెక్రటరీ రూబీనే అనుమానిస్తాడు. ప్రాణాలతో వదలడు. ఏం చెయ్యాలో మన లోహిత్ కింద వ్యాన్‌లోంచి చెబుతాడు,” అన్నాడు చీఫ్.

లోహిత్! ఇమ్మాన్యుయేల్ దవడ బిగుసుకుంది. రూబీని డబుల్ ఏజెంట్‌గా మార్చింది తను. ఏడాదిపాటు ఆమె రిపోర్టులు తనకే వచ్చేవి. కొత్తగా చేరిన ఈ ఇంజనీర్‌కి వెళుతున్నాయి ఇప్పుడు. నిన్నటి బ్రీఫింగ్‌లో అతని మాటలకు ఆమె మూడుసార్లు నవ్వింది. ఇమ్మాన్యుయేల్ లెక్కపెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఏసీ మెకానిక్ వేషంలో ఐదో అంతస్తు ఎక్కాడు.

“ఏంది అన్నా, ఏసీ మళ్ల ఖరాబైందా? జర జల్ది చెయ్, సాబ్ రెండింటికి వస్తడు,” అన్నాడు సెక్యూరిటీ గార్డు.

లోపల రూబీ. ఎర్రటి లిప్‌స్టిక్, భుజాల దాకా కత్తిరించిన జుట్టు.

“గ్యాస్ నింపాలా, మేడమ్?”

“ఫిల్టర్ కడిగితే చాలు.”

కోడ్ సరిపోయింది. ఆమె తలుపు గడియ వేసింది.

“లోహిత్ లైన్‌లో ఉన్నాడా?”

మొదటి ప్రశ్నే అది. ఇమ్మాన్యుయేల్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో లోహిత్ గొంతు వినిపించింది. “సీడీ పెట్టి స్టార్ట్ చేయండి, సర్. హార్డ్ డిస్క్‌లో మూడు పార్టిషన్లు, అంటే మూడు భాగాలు. మొదటిది విండోస్, రెండోది లినక్స్. రెండోదాన్ని ఫార్మాట్ చేసి, అందులోకి మన లినక్స్ కాపీ చేయండి.”

ఇమ్మాన్యుయేల్ పార్టిషన్ల జాబితా తెరిచి చూశాడు. రెండోదాని పక్కన విండోస్ గుర్తు ఉంది. తెరిచి చూస్తే లోపల వోల్కర్ దాచుకున్న ఫైళ్లు. లినక్స్ ఉన్నది మూడోదానిలో.

లోహిత్ తప్పు చెప్పాడు!

వేలు కీ మీద నిలిచిపోయింది. చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలు. తప్పు లోహిత్ ఖాతాలో పడుతుంది. వాడు రేపటినుంచి ఈ డిపార్ట్‌మెంట్‌లో ఉండడు.

తలెత్తి చూశాడు. రూబీ కిటికీ తెర సందులోంచి కారిడార్ కాపలా కాస్తోంది. మెడలోని శిలువను పిడికిట్లో బిగించి పట్టుకుంది.

“మూడోది ఫార్మాట్ చేస్తున్నాను,” అన్నాడు.

“సర్, రెండోది...”

“రెండోదాంట్లో వోల్కర్ ఫైళ్లున్నాయి. నా కళ్లతో చూశాను.”

మూడోదాన్ని ఎంచి కీ నొక్కాడు.

కాపీ పూర్తయ్యేసరికి ఒకటీ యాభై.

“వోల్కర్ లిఫ్ట్ దిగాడు!” అంది రూబీ.

సీడీ జేబులో వేసుకుని రీస్టార్ట్ చేశాడు. ఏ సిస్టమ్ కావాలో అడిగే ‘లిలో’ ప్రోగ్రామ్ పేరులో ఎల్, ఐ అక్షరాలు తెరమీదికి వచ్చి ఆగిపోయాయి. తలుపు హ్యాండిల్ కదిలింది. మిగతా ఎల్, ఓ కూడా వచ్చాయి! ఇమ్మాన్యుయేల్ విండోస్‌ని ఎంచాడు. రూబీ గడియ తీసేలోపు స్టూలెక్కి ఏసీ మూత పట్టుకున్నాడు.

వోల్కర్ నేరుగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మౌస్ కదిపి రెండో డ్రైవ్ తెరిచాడు. ఫైళ్లన్నీ ఉన్నాయి.

“ఏసీ?” అన్నాడు.

“చల్లగా ఉంది, సర్,” అన్నాడు ఇమ్మాన్యుయేల్ స్టూలు మీంచి.

మూడు వారాల్లో తప్పుడు డ్రాయింగులు ఎవరెవరి చేతులు మారాయో తేలింది. వోల్కర్ ముఠా మొత్తం దొరికింది. రూబీ క్షేమంగా బయటపడింది. లోహిత్ తల దించుకుని ఇమ్మాన్యుయేల్ టేబుల్ దగ్గరికొచ్చాడు.

“పాత నోట్స్ చూసి చెప్పాను, సర్. నా మాట నమ్మి ఉంటే రూబీగారు బతికేవారు కాదు. మీకెందుకు అనుమానం వచ్చింది?”

అబద్ధం చెప్పడం ఇమ్మాన్యుయేల్ వృత్తి. ఈసారి నిజమే చెప్పాడు.

“అనుమానం కాదు, కుళ్లు. అది లేకపోతే నువ్వు చెప్పింది సరిచూసేవాణ్నే కాదు.”