మూడు మూరల బాణం

వెలుగుకొండ రాజ్యంలో నలభై రోజులుగా ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. ధూమకంఠుడనే రాక్షసుడు రాజ్యంలోని నిప్పునంతా ఒక కుండలో బంధించి, తన కోనలో కొండకొమ్మున వేలాడదీశాడు. జనం నానబెట్టిన బియ్యం తిని బతుకుతున్నారు.

"నా వింటితో, నా బాణంతో కుండ పగలగొట్టినవాళ్లకే నిప్పు. ఓడితే రాయి!" అని వాడి పందెం.

వెళ్లిన పదకొండు మంది వీరులూ రాళ్లయ్యారు. ఆఖరివాడు ముమ్మన, విల్లులు చేసే సూరన కొడుకు. అతను రాయైన ఏడు రోజుల్లోగా ఎవరూ గెలవకపోతే అందరూ ఎప్పటికీ రాళ్లే!

ఆరో రోజు తెల్లవారగానే ముమ్మన చెల్లెలు మల్లసాని, తండ్రి చెక్కుడు కత్తి నడుముకు దోపుకొని అడవిలోకి దూసుకుపోయింది. పాములు వేలాడే వెదురుపొదల కింద పాకింది. మొసళ్ల వాగును తీగ పట్టుకొని ఊగి దాటింది. ఏడో రోజు సాయంత్రానికి కోన ముందు నిలిచింది.

రెక్కల హోరు! రెండు తలల గండభేరుండం ఎదురుగా వాలింది.

"నా ఈక కావాలా? ఒంట్లో బలం పెరుగుతుంది. అందరూ అదే అడిగారు. బలమొచ్చినా ఒక్కొక్కరి చేతిలో విల్లు విరిగింది" అంది కుడి తల.

"ఈక వద్దు తాతా. విల్లు విరిగినప్పుడు వాళ్ల చెయ్యి ఎక్కడుంది?"

"గడ్డం దగ్గర!" అంది ఎడమ తల.

"నీ కళ్లకు పొరలొచ్చాయి. గడ్డం దగ్గర కిర్రుమంది. చెవి దాటాక విరిగింది!" అంది కుడి తల.

"నేనూ అదే చెప్పబోయాను!"

"చెప్పబోయావులే!"

మల్లసాని నవ్వుతూనే పరుగెత్తింది.

కోనలో రాతి వీరులు బారులు తీరి ఉన్నారు. ముమ్మన రాతి చెయ్యి చెవి వెనక్కి సాగి ఉంది. "అన్నా!" అంటూ మల్లసాని దాన్ని తడిమింది.

"మీ అన్నవి ఏనుగు తొండాల్లాంటి చేతులు. వాడివల్లే కాలేదు, నీవల్ల ఏమవుతుందే చీమపిల్లా?" అంటూ రాక్షసుడు కొత్త విల్లూ, బాణమూ విసిరాడు.

ఆమె మోచేతితో కొలిచింది. విల్లు నాలుగు మూరలు, బాణం మూడు. నాలుగు మూరల వింటిని రెండు మూరలకు మించి లాగకూడదు. తండ్రి దగ్గర నేర్చిన మొదటి కొలత అదే!

"ఎంత లాగాలి?"

"బాణం ములికి వింటికి తాకేదాకా! తాకకపోతే రాయివే!"

మల్లసాని ములికి ఊడదీసి, బాణాన్ని ఒక మూర కోసేసి, ములికిని మళ్లీ బిగించింది.

"ఏయ్! ఏం చేస్తున్నావే?"

"బాణం నీదే కదా మామా! కోయొద్దని చెప్పావా?"

సూర్యుడు కొండ అంచుకు దిగిపోతున్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి లాగింది. విల్లు కిర్రుమంది. ఇంకొంచెం... ఇంకొంచెం... ములికి చల్లగా వేలికి తగిలింది. వదిలింది!

కుండ భళ్లున పగిలింది. నిప్పు జలపాతంలా దూకి ధూమకంఠుణ్ణి చుట్టేసింది. వాడు పొగై గాలిలో కలిసిపోయాడు. రాతి వీరులు ఒక్కొక్కరే ఒళ్లు విరుచుకున్నారు.

వాళ్లు నిప్పు తీసుకుని తిరిగొచ్చిన రోజే వెలుగుకొండలో ఇంటింటా అన్నం ఉడికింది. రాజు మల్లసానిని విలుకాళ్లందరికీ నాయకురాలిని చేశాడు. చేతులు కొలవకుండా ఎవరికీ విల్లు ఇవ్వరాదని ఆమె మొదటి ఆజ్ఞ. వరుసలో ముందున్నవాడు ముమ్మనే.

"నన్నూ కొలవాలా చెల్లీ?"

"చేతులు చాపన్నా! నీకు నీకంటే ఎత్తైన విల్లు చేయాలి."