ఈల వేసే ‘స’

"నీకు పళ్ళ మీదేమైనా పగా?"

డెంటల్ కాలేజీ ఫైనల్ ఇయర్ క్లాస్ లీడర్ పక్క బెంచీ కుర్రాడు నింపిన ఫారం పట్టుకొచ్చి అతని ముందు నిలబడింది. క్లినికల్ ట్రైనింగ్ ఎలా ఉందని విద్యార్థుల్ని అడిగిన ఫారం అది. పన్నెండు ప్రశ్నలకూ అతను ఒకటే జవాబు రాశాడు: తృప్తి లేదు. క్లాసంతా అతన్ని ‘గొణుగుడు’ అనడం ఊరికే కాదు.

"కుర్చీ ఒకటి, మనం నలుగురం. మూడు నెలలుగా నేను పట్టుకున్నది పేషెంట్ల నోట్లో ఉమ్ము లాగే సక్షన్ గొట్టం ఒక్కటే. ఇంకేం తృప్తి తల్లీ?"

"నేనూ అదే రాశా. కానీ రాసి ఊరుకోలేదు. సార్ ప్రాణం తీసి ఓ కేసు తెచ్చుకున్నా. రేపు అసిస్ట్ చెయ్యడానికి వస్తావా?"

మర్నాడు కుర్చీలో ఒక రిటైర్డ్ టీచరమ్మ. పళ్ళన్నీ పోయి రెండేళ్ళయింది. బయట చేయించుకున్న రెండు కట్టుడు పళ్ళ సెట్లూ కుదరలేదు. మాట తేడాగా వస్తోందని సిగ్గుపడి ఆవిడ మాట్లాడటమే మానేసింది.

"ఇదే ఆఖరుసారని కాగితం మీద రాసిచ్చిందమ్మా," అన్నాడు పక్కనే ఉన్న భర్త.

లీడర్ సరిచూడటానికి మైనంలో అమర్చిన పళ్ళను ఆవిడ నోట్లో పెట్టింది. "ఏదీ, ‘సరే సరే’ అనండి మామ్మగారూ."

"సరే సరే." మాటతోపాటు సన్నగా ఈల.

తీసి సర్దింది. మళ్ళీ ఈల. మూడోసారీ ఈలే. మామ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అతను ఉండబట్టలేకపోయాడు. "ముందు పళ్ళ వెనక, ఎడమ పక్క మైనం పలచగా ఉంది. గాలి అక్కణ్ణుంచే పోతోంది."

ఇక తిట్లే అనుకున్నాడు. ఆమె మైనం కత్తి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నువ్వే చెయ్యి."

పక్క కుర్చీ దగ్గర్నుంచి సార్ తలూపారు. కత్తి వేడిచేసి ఆవగింజంత మైనం అద్దబోతే అతని చెయ్యి వణికింది. ఆమె అతని మణికట్టు కింద తన చెయ్యి ఆనించింది. వణుకు ఆగింది. గుండె దడే ఆగలేదు.

"సరే సరే," అంది మామ్మగారు, పళ్ళు మళ్ళీ నోట్లో పెట్టగానే.

ఈల లేదు!

ఆవిడ ఉలిక్కిపడి భర్తవైపు తిరిగింది. "ఏమండీ, సరిగ్గా వినిపిస్తోందా?"

"నీ గొంతు విని రెండేళ్ళయిందే," అన్నాడాయన, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

"ఇక తీసేద్దాం మామ్మగారూ. గట్టి పళ్ళు వచ్చే వారం ఇస్తాం."

"ఇంకో ఐదు నిమిషాలుండనీ తల్లీ! ఈయనతో చెప్పాల్సినవి చాలా ఉన్నాయి."

అతను కత్తి కింద పెట్టి వాళ్ళిద్దర్నీ చూశాడు. ఆవగింజంత మైనం వెనక ఒక మనిషి గొంతు దాగి ఉంటుందని ఏ పుస్తకమూ చెప్పలేదు. మూడుసార్లు ఓడిపోయి, కత్తిని ఇంకొకరికి ఇవ్వగల మనిషి ఇన్నేళ్ళూ తన పక్క బెంచీలోనే ఉందనీ ఎవరూ చెప్పలేదు.

చేతులు కడుక్కుంటూ అడిగాడు. "నేను తప్పు పట్టినందుకు కోపం రాలేదా?"

"వచ్చింది. కానీ ఆవిడ ఏడుస్తుంటే నా కోపం ఎవడిక్కావాలి?"

"నిన్నటిదాకా నువ్వంటే భయం. ఇప్పుడు ఇష్టం కూడా. దాంతో భయం రెట్టింపయింది."

ఆమె మాస్కు కిందికి లాగింది. బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి.

"ఆదివారం ఖాళీయేనా?"

"ఆదివారం క్లినిక్ ఉండదుగా?"

"అందుకేగా అడిగింది, మొద్దూ!"

అతను కుళాయి కట్టడం కూడా మరచి నిలబడిపోయాడు. నవ్వుతూ ఆమే కట్టేసింది.