పక్కింట్లో మండిన బాయిలర్

ఒక మనిషికి మతి చెడిందని మీరు రాశారు. బెరిల్ ఇంటికి వచ్చి, ఆమె పెట్టిన టీ తాగి, ఆమె బిస్కెట్లు తిని, బయట కారులో హీటర్ వేసుకుని కూర్చుని మరీ రాశారు. మీరు బిగించిన యంత్రం పనిచేస్తోందో లేదో చూడడానికి మీలో ఒక్కరికి నడుం వంగలేదు. ముసలామె బుర్రలో తప్పు వెతకడానికి మాత్రం తీరిక దొరికింది. మాకు ఇళ్ళు అద్దెకిచ్చిన సంస్థ పెద్దలారా, ఇది మీకే చెబుతున్నాను. మిగతావాళ్ళు కూడా వినండి.

మాది ఇంగ్లండ్ తూర్పు తీరాన గ్రిమ్స్‌బీలో పాత చేపల రేవు వెనక వరస ఇళ్ళు. గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పక్కింట్లో దగ్గితే మనకి మంచినీళ్ళు ఇవ్వాలనిపిస్తుంది. బెరిల్ ఆ వరసలోకి పెళ్ళికూతురుగా వచ్చింది. మొగుడు పోయిందీ ఆ ఇంట్లోనే, కూతురు గేనర్ పుట్టిందీ ఆ ఇంట్లోనే. వయసంతా షెడ్డులో మంచుగడ్డల మీద హాడాక్ చేపలు కోసి బతికిన మనిషి. చలంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ బుధవారం పొద్దున ఆమె ఎప్పటిలాగే లేచి కెటిల్ పెట్టుకుంది. రేడియో పెట్టుకుంది. స్వెటర్ మీద కోటు తొడుక్కుంది. హాల్లో గోడకున్న, ఇంటికి ఎంత వేడి కావాలో పెట్టుకునే థర్మోస్టాట్ దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు సర్దుకుని, అంకె పెంచింది. తర్వాత గది వెచ్చబరిచే రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఒకప్పుడు చేపలు కోసిన రాతిబల్లలా చల్లగా ఉంది. ఆమె ఆశ్చర్యపోలేదు. చలికాలం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస.

చలికాలానికి ముందు సంస్థ వాళ్ళు పాత స్విచ్చులు పీకేసి, వరసంతటికీ కొత్తవి పెట్టారు. వీటికి తీగలుండవు. హాల్లో గోడకో తెల్ల థర్మోస్టాట్ డబ్బా, వంటింట్లో రేడియేటర్లకి నీళ్ళు కాచే బాయిలర్ పక్కన ఇంకో డబ్బా. మొదటిది గాలిలోంచి కబురు పంపితే రెండోది అందుకుని బాయిలర్ వెలిగించాలి. ఒకే పూటలో వరస మొత్తం ముగించేయాలని, ఇంటికో మనిషి చొప్పున దూరి, అందరూ ఒక్కసారే డబ్బాలకు జత కలిపి వెళ్ళిపోయారు. పనిచేస్తున్నాయా అని ఎవడూ ఆగి చూడలేదు.

తలుపు తోసుకుని గేనర్ వచ్చింది. చేతిలో మడత పెట్టిన అట్టపెట్టెలు. గేనర్ ఊరికి అవతలి చివర ఉంటుంది, బడి వంటింట్లో పని. ఆదివారం ఆదివారం మాంసం, బంగాళదుంపలు వండి తెచ్చి, తల్లి దగ్గర కూర్చుని తినిపించి పోతుంది. ఇవాళ మాత్రం సెలవు పెట్టి వచ్చింది. సోమవారం బెరిల్ వృద్ధుల హోముకి వెళ్ళాలి. ఇల్లు ఖాళీ చేస్తానని ఆమె అప్పటికే సంతకం పెట్టేసింది.

లోపలికి అడుగు పెట్టగానే గేనర్ నోట్లోంచి ఆవిరి వచ్చింది.

"మళ్ళీ ఆపేశావా అమ్మా?"

"ఆపలేదు. పెంచాను."

"ఎప్పుడూ అదే మాట."

"ఎప్పుడూ అదే చేస్తున్నాను కాబట్టి."

గేనర్ పెట్టెలు నేలకేసి కొట్టింది. గేనర్‌ని చెడ్డదనకండి. ఆమె కళ్ళు చూసింది వేరు. ఆమె వచ్చిన ప్రతి ఆదివారమూ ఆ ఇల్లు వెచ్చగానే ఉండేది. రేడియేటర్లు కాలేవి. వారం మధ్యలో తల్లి ఫోన్ చేసి, ఇల్లు గడ్డకడుతోంది పిల్లా అనేది. ఆదివారం వచ్చి చూస్తే వేడి. తల్లి తికమకగా గోడ వైపు చూసేది. ఇక ఏమనుకుంటుంది కూతురు?

దానికి తోడు బస్సు సంగతి. బెరిల్ పొద్దున్నే పెద్దవాళ్ళ పాసు పట్టుకుని పక్క ఊరు క్లీథోర్ప్స్ బస్సెక్కి, అక్కడ దిగకుండా అదే బస్సులో తిరిగొచ్చి, మళ్ళీ అదే బస్సులో పోయేది. చూసినవాళ్ళు గేనర్‌కి చెప్పారు, మీ అమ్మ ఎక్కడికి పోతోందో ఆమెకే తెలియడం లేదని. బస్సులో హీటరుంటుందన్న సంగతి చెప్పినవాళ్ళకీ తట్టలేదు, విన్నవాళ్ళకీ తట్టలేదు.

గేనర్ భయపడి సంస్థకు ఫోన్ చేసింది. వాళ్ళు ఒక అధికారిణిని పంపారు. ఆవిడ బెరిల్‌ని, వేడి పెంచి చూపించండమ్మా అంది. బెరిల్ పెంచింది. రేడియేటర్ చల్లగానే ఉంది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, బాయిలర్ పక్కనున్న డబ్బా మీద బొత్తాం నొక్కింది. బాయిలర్ భగ్గుమంది. చూశారా, యంత్రం శుభ్రంగా ఉంది అని నవ్వింది. హాల్లోంచి పంపిన కబురు ఇక్కడికి ఎందుకు రాలేదని ఆ మహాతల్లి ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. ఒంటరిగా ఉండలేదు, మరుపు ముదిరింది అని రాసుకుని పోయింది. ఆ మాట పట్టుకునే హోములో చోటు ఇప్పించారు. ఆ మాట పట్టుకునే సంతకం పెట్టించారు.

గేనర్ విసురుగా థర్మోస్టాట్ దగ్గరికి పోయింది. దాని మీద పెట్టిన అంకె ఇరవై ఎనిమిది చూపిస్తోంది. ఆమె తల్లి వైపు తిరిగింది.

"నేను తలుపు తీస్తుంటే పెంచావా?"

బెరిల్ కుర్చీలో కూర్చుని, కోటు చివరలు మోకాళ్ళ మీదకి లాక్కుంది.

"మాట్లాడమ్మా. ఎవరితో పోరాడుతున్నానో నాకు తెలియాలి. నీతోనా, నీ జబ్బుతోనా?"

"వెళ్తానన్నాను కదా. సంతకం పెట్టాను కదా. ఇంకా దేనికి అరుస్తావు?"

"నువ్వు కుర్చీలోనే గడ్డకట్టిపోయావని ఎవరో నాకు ఫోన్ చేస్తారని. నాకు నిద్ర పట్టడం లేదు, తెలుసా?"

"నాకు పట్టడం లేదు. చలికి," అంది బెరిల్.

ఆ ఒక్క మాటకి గేనర్ కళ్ళు తిప్పుకుంది. తల్లి అబద్ధం చెబుతోందో, నిజంగానే మరిచిపోతోందో ఈసారి తేల్చి పారేయాలనుకుంది. థర్మోస్టాట్ గోడ మీంచి పెరికింది. కొత్త బ్యాటరీలు వేసింది. బాయిలర్ మొహం మీదే పెట్టి అంకె పెంచింది. ఉలుకూ పలుకూ లేదు. సంస్థ మరమ్మతుల నంబరుకి ఫోన్ చేసింది. లైన్లో ఆగమని వేసిన పాట విని, ఇంకో పాట విని, చివరికి దొరికిన మనిషిని అడిగింది. అతను కిందిదాకా తగ్గించండి, ఆగండి, పైదాకా పెంచండి, ఆగండి, మళ్ళీ చేయండి అన్నాడు. గేనర్ తగ్గించింది. పెంచింది. తగ్గించింది. పెంచింది. ఇంట్లో పెద్ద వయసువాళ్ళు ఎవరైనా ముట్టుకుంటున్నారా అని అడిగాడతను. గేనర్ బూతు మాట అని ఫోన్ పెట్టేసింది.

అప్పుడే తలుపు దబదబ బాదారు.

పక్కింటి రాయ్‌స్టన్. చేపలు నిలవుంచే కోల్డ్‌స్టోరేజీలో పని. బయట గడ్డి తెల్లగా మంచుపట్టి ఉంటే, అతను చెడ్డీ బనీనుతో చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. బెరిల్‌కీ అతనికీ నెలరోజులుగా మాటల్లేవు. ఆదివారాలు చలిలో తలుపులూ కిటికీలూ బార్లా తీసి పెడుతున్నాడని ఆమె కంచె మీంచి, ఊరికంతా వేడి పంచుతున్నావా నాయనా అని దెప్పింది. నా ఇల్లు నా ఇష్టం అన్నాడతను.

"అక్కా, మీ బాయిలర్ కూడా పిచ్చెక్కిందా? జ్వరమని పనికి పోలేదు, కిటికీలు మూసుకుని పడుకున్నాను. ఇల్లు పొయ్యిలా ఉంది. ఇప్పుడేమో ఆరుతోంది, వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది. పేలుతుందేమోనని బయటికి వచ్చేశా."

గేనర్ అతన్ని చెయ్యి పట్టి హాల్లోకి లాగింది. అతను వణికాడు. మా కోల్డ్‌స్టోరేజీ ఇంతకంటే నయం అన్నాడు. నీ ఇల్లు ఎప్పటి నుంచి ఇలా ఉడుకుతోందని ఆమె అడిగింది. ఈ డబ్బాలు పెట్టినప్పటి నుంచీనట. సంస్థకు ఎన్నిసార్లో ఫోన్ చేశాడట. కిటికీలు తెరుచుకోమన్నారట.

గేనర్ చేతిలో థర్మోస్టాట్ ఇంకా ఉంది. ఆమె దానికేసి చూసి, అతనికేసి చూసింది.

"ఇంటికి పో. మీ బాయిలర్ దగ్గర నిలబడు. ఆరితే గోడ మీద కొట్టు. వెలిగితే మళ్ళీ కొట్టు."

అతను పోయాడు. గేనర్ అంకె కిందికి దించింది. గోడ మీద చప్పుడైంది. పైకి పెంచింది. మళ్ళీ చప్పుడైంది. దించింది, చప్పుడు. ఆమె ఆగిపోయి, నీది పైదాకా పెంచు అని గోడకి నోరు ఆనించి అరిచింది. కాసేపటికి బెరిల్ వంటింట్లో బాయిలర్ భగ్గుమంది. రేడియేటర్ గొట్టాల్లోకి నీళ్ళు పాకే చప్పుడు వినిపించింది.

అర్థమైందా పెద్దలారా? ఇద్దరు పనివాళ్ళు రెండిళ్ళలో ఒకే క్షణంలో జత కలిపారు. ఆమె డబ్బా అతని బాయిలర్‌కి కట్టుబడింది, అతని డబ్బా ఆమె బాయిలర్‌కి. ఆమె చలికి వణికి అంకె పెంచినకొద్దీ అతని ఇల్లు కాలింది. అతని హాలు కాలినకొద్దీ, ఇక వేడి అక్కర్లేదని అతని డబ్బా ఆమె బాయిలర్‌ని పడుకోబెట్టింది. పనిరోజుల్లో అతను తలుపులు మూసి పోయేవాడు, అలిసి వచ్చి పై గది కిటికీ తెరుచుకుని పడుకునేవాడు. కింద హాలు ఉడుకుతూనే ఉండేది. ఆదివారం ఒక్కటే అతను ఇంట్లో ఉండి అన్నీ బార్లా తెరిచేవాడు. హాలు చల్లబడేది. అప్పుడు బెరిల్ ఇల్లు వెచ్చబడేది. సరిగ్గా కూతురు వచ్చే పూట.

గేనర్ నేల మీద, అట్టపెట్టెల మధ్య కూలబడింది. ఏడుపు తన్నుకొచ్చింది. బెరిల్ ఏడవలేదు.

"అయితే నేను మరిచిపోలేదన్నమాట," అంది.

"లేదమ్మా."

"రాత్రిళ్ళు ఆ డబ్బా ముందు నిలబడి పైకే చదువుకునేదాన్ని. ఇరవై రెండు, బెరిల్, నువ్వు పెట్టింది ఇరవై రెండు, అని. పొద్దున లేచేసరికి చలి. అప్పుడు అనుకునేదాన్ని, చదివినట్టు కల కన్నానేమో అని. నువ్వు నమ్మలేదని సంతకం పెట్టలేదే. నన్ను నేనే నమ్మడం మానేశాను. అందుకు పెట్టాను."

గేనర్ ఆమె ఒళ్ళో తల పెట్టింది. తప్పయిపోయిందమ్మా, ఒక్క రోజు, ఒక్క పనిరోజు వచ్చి చూసుంటే సరిపోయేది అని వెక్కింది. బెరిల్ చెయ్యి ఆ తల మీదకి వెంటనే రాలేదు.  తర్వాత కూతురి జుట్టులో వేళ్ళు పెట్టింది.

"నీ మీద కోపం పోలేదు. పోతుంది. కానీ ఇవాళ కాదు. లే, టీ పెట్టు. ఆ పిల్లాడికి కూడా, జ్వరంతో ఉన్నాడు."

రాయ్‌స్టన్ అతని థర్మోస్టాట్ పట్టుకొచ్చాడు, ఆమెది పట్టుకుపోయాడు. అంతే మరమ్మతు. కెటిల్ కాగే లోపల అయిపోయింది. వెళ్ళేముందు అతను గుమ్మంలో ఆగి, నీ వేడంతా నేనే తినేశాను బెరిలమ్మా అన్నాడు. పోరా, వెళ్ళి పడుకో అంది ఆమె.

గేనర్ సంస్థకు ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది. సంతకం వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. ఇంటికి కొత్తవాళ్ళని చూసేశారట. సోమవారం తాళాల కోసం మనిషి వస్తాడట. థర్మోస్టాట్ సంగతి వేరే విభాగమట. బెరిల్ ఫోన్ తీసుకుంది. కోపంగా మాట్లాడలేదు. నాకు మతి ఉందని నాకు ఇవాళే తెలిసింది బాబూ, మతి ఉన్న మనిషిగా చెబుతున్నాను, నేను ఇల్లు ఖాళీ చేయడం లేదు అని చెప్పి పెట్టేసింది. పెట్టేశాక కోటు విప్పి కుర్చీకి తగిలించింది. అప్పటికి ఇల్లు వెచ్చబడింది.

ఇప్పుడు మీ వంతు. మా వరసలో ఇంకా ఎవరి డబ్బా ఎవరి బాయిలర్‌ని మండిస్తోందో మాకు తెలియదు. ఇంకే ముసలివాళ్ళు గోడ ముందు నిలబడి అంకెలు పైకి చదువుకుంటున్నారో తెలియదు. రేపు పొద్దునకల్లా మనుషుల్ని పంపి ఇల్లిల్లూ చూపించండి. బెరిల్ సంతకం కొట్టేయండి. ఆమెకి మతి లేదని రాసిన అధికారిణిని తిరిగి ఆ హాల్లోకి పంపండి. ఉత్తరం వద్దు, ఫోన్ వద్దు. ఆవిడే వచ్చి బెరిల్ ముందు నిలబడి, తప్పు మీది కాదు మాది అని నోటితో చెప్పాలి. తాళాల మనిషిని పంపితే వరస మొత్తం గుమ్మం ముందు నిలబడుతుంది. ఆవిడని పంపండి.