తల్లి పుస్తకంలో కుప్పయ్య

చౌడేపల్లె దాటి సోమలకు పోయే దారిలో, భారతం ఆటలాడే జట్టువాళ్ల కొట్టం ఒకటుండేది. దానికి తాళం వేసేవాళ్లు కాదు. వేయాల్సిన పనీ లేదు — దీపాలు పెట్టాక ఆ గడప తొక్కే మొనగాడు చుట్టుపక్కల ఎవడూ లేడు.

లోపల పెట్టెలో వాళ్ల తల్లి పుస్తకం ఉండేది. ఆట పద్యాలన్నీ అందులోనే. ఎవరు ఏ పద్యం దిద్దినా పాతదాన్ని చెరపకూడదు. కింద కొత్తది రాసి, పక్కన తన పేరు పెట్టాలి. ఆట నేర్పే వాద్యారు శంకరప్ప పెట్టిన కట్టుబాటు అది. ఆయన పోయి ఆరేళ్లయినా, రాత్రిళ్లు పేజీలు తిప్పే చప్పుడు వినిపిస్తుందని జనం చెప్పుకునేవాళ్లు. ఒకడు పగబట్టి ఎవరి పేరో గీకేశాడట... ఆ ఏడాది ఆట మధ్యలో తన పేరు తానే మరిచిపోయి బిత్తరచూపులు చూశాడట. నిజమో అబద్ధమో, తర్వాత ఆ పుస్తకం మీద బ్లేడు పెట్టినవాడు లేడు.

1979లో నారాయణస్వామి పెట్టాడు.

ఆయన రామసముద్రం బడిలో అయ్యవారు. పుట్టినప్పటి పేరు కుప్పయ్య. ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదు. వీడైనా దక్కాలని తల్లి చెత్తకుప్పలో పొర్లించి ఆ పేరు పెట్టింది. కూలోళ్ల బిడ్డ కదా, పెద్దరైతుల నోట్లో అది 'కుప్పిగా' అయింది. చదువుకున్నాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు, గెజెట్‌లో పేరు మార్చుకున్నాడు. అయితేనేం... తల్లి పుస్తకంలో తాను పద్యాలు దిద్దిన పంతొమ్మిది చోట్లా ఆయనింకా కుప్పయ్యే.

ఆటలు మొదలయ్యే రాత్రి, పద్యాలు దిద్దినవాళ్ల పేర్లన్నీ మైకులో చదవడం ఆనవాయితీ. ఆ ఏడాది ఆటలు రామసముద్రంలోనే. బడిపిల్లలంతా వస్తారు. ఆ పేరు వాళ్ల చెవిన పడిందా, మళ్లీ బతుకంతా కుప్పిగాడే.

ఆ పేరు తీసేయొచ్చా అని శంకరప్ప భార్య పాపక్కను అడిగి చూశాడు.

"గీకేది మాత్రం వద్దప్పా. ఆయప్ప ఒప్పుకోడు," అందామె.

పోయినాయన ఒప్పుకోకపోవడమేమిటని నవ్వబోయాడు. పాపక్క ముఖం చూసి ఆపేశాడు.

ఆటలకు ముందు రాత్రి లాంతరు, అర బ్లేడు పట్టుకుని కొట్టంలోకి అడుగుపెట్టాడు. పెట్టె తెరిచాడు. మొదటి కుప్పయ్య దొరికాడు. బ్లేడు ఆనించి మెల్లగా... మెల్లగా... సగం పేరు పోయింది. ఇంకొంచెం — కాగితం చిరిగింది.

పేజీ తిప్పి చూశాడు. అవతలి వైపు శంకరప్ప స్వయంగా కట్టిన పద్యం. సరిగ్గా దాని నడిమధ్యన చిల్లు! కూలోళ్ల బిడ్డని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం అక్షరం నేర్పిన మనిషి. తన పేరు చెరుపుకోబోయి ఆయన పద్యం నాశనం చేశాడు. ఏడుపొచ్చింది.

లాంతరు వెలుగు ఒక్కసారిగా తగ్గింది.

"కుప్పయ్యా..."

రాత్రి పిలుపుకు మూడోసారి దాకా పలకకూడదంటారు. నోరు మూసుకున్నాడు.

"కుప్పయ్యా... యాల గీకతాండావు?"

అదే గొంతు, శంకరప్పది. మాట చివర దగ్గు కూడా అదే.

ఇక మూడోది... అది రాకముందే నారాయణస్వామి ఆగలేకపోయాడు.

"ఆ పేరుతో పిలవద్దు సామీ... ఆ పేరుతో శానా మాటలు పడినాను..."

తర్వాత — చెవి పక్కనే —

"మరేమని పిలవాలప్పా?"

చెప్పాడో, చెప్పకుండానే పరిగెత్తాడో ఆయనకే గుర్తు లేదు. తెల్లారేసరికి తన మంచం మీద ఉన్నాడు, ఒళ్లు కాలిపోతూ.

ఆ రాత్రి జట్టు పెద్ద చెంగయ్య మైకు ముందు పుస్తకం తెరిచాడు. మొదటి 'కుప్పయ్య' వినపడగానే బస్సెక్కి ఎటైనా పోదామని నారాయణస్వామి జనం వెనకే నిలబడ్డాడు.

"నారాయణస్వామి," చదివాడు చెంగయ్య.

మళ్లీ, "నారాయణస్వామి". అలా పద్దెనిమిది సార్లు. మిగిలిన ఒక్కటీ తనే చింపుకున్నాడాయె. బడిపిల్లలు చప్పట్లు కొట్టారు.

జనాన్ని తోసుకుంటూ వెళ్లి గుసగుసగా అడిగాడు. "ఎవురు సెప్పినారప్పా నీకు?"

"సెప్పేదేముండాది? మొదటి పేజీలోనే రాసుండాది, సూడు."

'కుప్పయ్య అన్న చోటంతా నారాయణస్వామి అని చదవవలెను.' కింద శంకరప్ప సంతకం.

పాపక్క వంగి చూసింది. "ఆయప్ప చేతి రాతే," అంది నెమ్మదిగా.

చెంగయ్య తన వేలు చూసుకున్నాడు. సిరా అంటుకుంది... ఇంకా తడి ఆరలేదు.