అమ్మ ఒప్పుకోని ముగింపు

ఆ శనివారం ఉదయం కూతురు లేచి వచ్చేసరికి తల్లి వంటింటి గట్టు దగ్గర కాఫీ కలుపుతోంది. నవల భోజనాల బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. అది కూతురు రాసిన మొదటి నవల. అచ్చయి పది రోజులైంది. ఆసుపత్రిలో రోగుల ఫైళ్ళు సర్దే ఉద్యోగం చేసుకుంటూ, రోజూ డ్యూటీకి వెళ్ళేముందు గంటసేపు కూర్చుని నాలుగేళ్ళు రాసింది. తల్లి ఇంట్లోనే స్కూల్ యూనిఫాంలు కుడుతుంది. మిషన్ ఆపినప్పుడల్లా రెండేసి పేజీలు చదువుతూ వచ్చింది.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయింది."

"ఊఁ? ఎలా ఉంది?"

"మొదటినుంచీ కట్టిపడేశావు. నిన్న పాలు పొంగి పొయ్యి మీద పోయినా చూసుకోలేదు."

"మరి మొహం అలా పెట్టావేం?"

తల్లి కప్పు ఆమె ముందుకు జరిపింది. "చివర బాగాలేదు."

కూతురు తెల్లబోయింది. "చివరా? అందరూ అదే మెచ్చుకుంటున్నారమ్మా! అది చదివి పబ్లిషర్ గారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట."

"ఆయనకేం, తిరుగుతాయి. ఆ ఉత్తరం ఆయనది కాదుగా!"

నవలలోని ఉత్తరం ఎవరిదో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. పెళ్ళికి ముందు తల్లి టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగానికి పరీక్ష రాసింది. పెళ్ళయిన ఏడాదికి ఉద్యోగంలో చేరమని ఉత్తరం వచ్చింది. పదిహేను రోజుల్లో వేరే ఊళ్ళో చేరాలి. పోస్ట్‌మ్యాన్ దాన్ని భర్త నడిపే కళ్ళద్దాల షాపులో ఇచ్చి వెళ్ళాడు. భర్త ఆ మాట ఇంట్లో చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత షాపులో సొరుగు సర్దుతుంటే, పాత ఫ్రేముల అడుగున ఆ కవరు ఆమెకే దొరికింది. అప్పటికి కూతురు కడుపులో ఉంది. "ఏమిటండీ ఇది?" అని అడిగితే, "అయిపోయిందేదో అయిపోయింది" అని ఆయన బేరం చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య ఆ ప్రసక్తి మళ్ళీ రాలేదు. కూతురికి టైఫాయిడ్ వచ్చి మంచం మీద ఉన్నప్పుడు, ఏదో ఒకటి చెప్పమని వేధిస్తే, తల్లి ఆమెకు మాత్రం ఒకే ఒక్కసారి చెప్పింది.

నవలలో కూతురు భర్తను గుమాస్తాగా మార్చింది. షాపు సొరుగును ఇంట్లో బీరువా చేసింది. చివరి పేజీలో భార్య ఆ ఉత్తరాన్ని చింపేసి నవ్వుతుంది. "నేను వెళ్ళి ఉంటే మీరంతా నాకు దక్కేవారా? ఎప్పుడో క్షమించేశాను" అంటుంది.

"కథ కదమ్మా, ఎక్కడో ఒకచోట ముగియాలి" అంది కూతురు.

"ముగించు. ఎవరు కాదన్నారు? కానీ ఆవిడ నోట ఆ మాట ఎలా వచ్చింది? నేనన్నానా?"

అంతలో తండ్రి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. పది రోజులుగా ఆయన హుషారు చూడాలి. మెట్లు దిగేటప్పుడు ఈల కూడా వేస్తున్నాడు.

"రచయిత్రి గారూ, ఇంకో కాపీ పట్టుకుపోతున్నా. షాపులోది నలిగిపోయింది."

"అంతలా చదివేస్తున్నారా నాన్నా?"

"నేను కాదే, జనం!" అని నవ్వి, భార్య వైపు తిరిగాడు. "నీ కళ్ళజోడు ముక్కు దగ్గర ఊడిందన్నావుగా, పదకొండింటికి రా. బిగించి ఇస్తాను."

ఆయన వెళ్ళాక తల్లీకూతుళ్ళు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అయినా కూతురికి మనసు మనసులో లేదు. పత్రికలో ఎవరో చెడుగా రాసినా ఇంత బాధ ఉండేది కాదు. తల్లితో పాటు తనూ షాపుకు బయలుదేరింది.

షాపు తలుపు తోసేసరికి లోపల ఒక నర్సు కుర్చీలో కూర్చుని ఉంది. ముక్కు మీద పరీక్ష ఫ్రేము, చేతిలో పుస్తకం. దగ్గరి చూపు పరీక్షకు తండ్రి ఎప్పుడూ ఒక అట్టముక్క ఇచ్చి చదివిస్తాడు. దాని మీద పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాల దాకా వరుసగా ఉంటాయి. ఆ అట్ట గోడకు వేలాడుతోంది. నర్సు చదువుతున్నది నవల చివరి పేజీ.

"'నేను వెళ్ళి ఉంటే... మీరంతా నాకు దక్కేవారా? ఎప్పుడో...' ఇది మసగ్గా ఉందండీ."

తండ్రి ఒక అద్దం తీసి ఇంకొకటి వేశాడు. "ఇప్పుడు చూడండి."

"ఆఁ. 'ఎప్పుడో క్షమించేశాను.'"

"ఇంకోసారి చదవండి."

నర్సు చదివింది. పుస్తకం మూసి నవ్వింది. "అక్షరాలు బాగానే ఉన్నాయిగానీ, ఈవిడేమిటండీ ఇంత తేలిగ్గా వదిలేసింది? నేనైతే ఆ మొగుణ్ణి ఏడాదిపాటు మూడు చెరువుల నీళ్ళు తాగించేదాన్ని."

తండ్రి నవ్వబోయి, తలుపు దగ్గర నిలబడ్డ భార్యను చూశాడు. గబగబా చీటీ రాసిచ్చి, అద్దాలు సోమవారానికి సిద్ధంగా ఉంటాయని చెప్పి నర్సును పంపేశాడు.

"ఎన్నాళ్ళనుంచి చదివిస్తున్నారు?" అడిగింది తల్లి.

"అదీ... పిల్ల రాసింది కదా, నలుగురికీ తెలుస్తుందని..."

"పిల్ల రెండొందల పేజీలు రాసింది. మీకు ఆ ఒక్క పేజీయే దొరికిందా?"

"అమ్మా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అంది కూతురు.

"ఇంటికెళ్తే ఏం మాట్లాడతాం? ఇన్నేళ్ళూ ఇంట్లోనే ఉన్నాంగా!" తల్లి గొంతు పెంచలేదు. "ఆర్నెల్లు ఊళ్ళ పేర్లూ, వాటి నంబర్లూ బట్టీపట్టానండీ. పరీక్షలో నా గొంతు విని, ఇంకోసారి మాట్లాడమ్మా అన్నారు. ఆ ఉత్తరం కోసం ఏడాది ఎదురుచూశాను. ఇంక రాదు కాబోలు, నాకంత యోగ్యత లేదు కాబోలు అనుకున్నాను. రెండేళ్ళు అలాగే అనుకున్నాను. ఉద్యోగం పోయినందుకు కాదు నాకు కోపం. నన్ను నేను తక్కువగా చూసుకుంటుంటే, మీరు పక్కనే కూర్చుని అన్నం తిన్నారు చూడండి, దానికి."

తండ్రి చేతిలోని అద్దాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో శుభ్రమైంది.

"నువ్వు క్షమించావనుకున్నాను" అన్నాడు చివరికి.

"నేనెప్పుడు చెప్పాను?"

"నాకు చెప్పలేదు. పిల్లకి చెప్పావేమో, అందుకే అలా రాసిందేమో అనుకున్నాను. మొదటిరోజు ఆ పేజీ చదివి ఈ కుర్చీలోనే కూలబడ్డాను. ఒకాయన పరీక్షకొస్తే ఊరికే ఆయన చేత చదివించాను. ఆయన గొంతులో ఆ మాట వింటే ఎంత హాయిగా అనిపించిందో! తర్వాత వచ్చినవాళ్ళందరి చేతా చదివించాను. ఎవరి గొంతైతేనేం, వింటే చాలనిపించింది."

కూతురు ముందుకు వచ్చింది.

"తప్పు నాదే నాన్నా. అమ్మ ఆ మాట ఎప్పుడూ అనలేదు" అంది. "చిన్నప్పుడు మీరిద్దరూ మాట్లాడుకోని రోజుల్లో మీ మధ్య కూర్చుని అన్నం తినేదాన్ని. ఇది ఎప్పుడు అయిపోతుందా అనుకునేదాన్ని. అయిపోవాలనే అలా రాశాను. కథకు అది కావాలా, అమ్మ అంటుందా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాకు కావాలి, రాసేసుకున్నాను."

తల్లి ఆమె వైపు చూసింది. పొద్దుటినుంచీ ఉన్న బిగువు ఆ మొహంలో కాస్త సడలింది. కానీ మాట్లాడింది భర్తతోనే.

"ఎందుకు దాచారండీ?"

ముప్ఫై ఏళ్ళ కిందటే జవాబు రావాల్సిన ప్రశ్న. ఈసారి షాపులో బేరం లేదు. ఆయన భార్య ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"భయమేసింది" అన్నాడు. "నువ్వు నాకంటే బాగా మాట్లాడతావు, నాకంటే చురుకైనదానివి. అక్కడికెళ్తే ఈ షాపూ, నేనూ నీ కంటికి ఆనమేమో అనిపించింది. దాచాలని కాదు మొదట. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడూ అంతే. గడువు దాటిపోయాక ఇంక నోరు రాలేదు. నువ్వు కవరు పట్టుకుని అడిగిన రోజు సిగ్గుతో చచ్చిపోయాను. అందుకే విదిలించుకుని వెళ్ళిపోయాను. తప్పు చేశాను. నీకు దక్కాల్సింది నేను దక్కనివ్వలేదు. నన్ను..."

మాట పూర్తిచేయలేక తల దించుకున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి భుజాలు వణకడం కూతురు మొదటిసారి చూసింది. దగ్గరికి వెళ్ళబోయింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"చెప్పనీ" అంది మెల్లగా. "ఆయన్ని చెప్పనీ."

"నన్ను క్షమించు" అన్నాడాయన.

తల్లి కూతురి చెయ్యి వదిలింది.

"క్షమించానని ఇప్పటికిప్పుడు అనలేనండీ. అంటే అబద్ధమవుతుంది. కానీ మీరు అడిగారు. ఇన్నాళ్ళూ ఈ ఒక్క మాట కోసమే ఉన్నాను." ఆమె కళ్ళు తుడుచుకుని, ఇంకో స్టూలు లాక్కుని ఆయనకు దగ్గరగా కూర్చుంది. "ఆ పదిహేను రోజులూ ఏమనుకున్నారో, రోజూ ఇంటికొచ్చి నా మొహం ఎలా చూశారో, అదంతా చెప్పండి. నాకు తెలియాలి."

ఆయన తలూపాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. తర్వాత, పోస్ట్‌మ్యాన్ వచ్చినప్పుడు వాన పడుతోందని చెప్పడం మొదలుపెట్టాడు.

కూతురు చప్పుడు కాకుండా తలుపు తీసుకుని బయటికి వచ్చింది. మెట్టు మీద కూర్చుంటే, తన ప్రమేయం లేకుండానే కళ్ళు నిండిపోయాయి. ఒక ముసలాయన చత్వారం కళ్ళజోడు చేత్తో పట్టుకుని వచ్చి, "షాపు తీసే ఉందామ్మా?" అని అడిగాడు.

"తీసే ఉందండీ. కానీ కాస్త ఆగాలి" అందామె, పక్కకు జరిగి ఆయనకు చోటిస్తూ. "లోపల మా అమ్మా నాన్నా మాట్లాడుకుంటున్నారు."