కేబుల్ మారిన ఆదివారాలు

ఆ అమ్మాయి అతన్ని మొదటిసారి చూసినప్పుడు ముఖం కనిపించలేదు. టీవీ స్టాండుకీ గోడకీ మధ్యనుంచి రెండు కాళ్ళు మాత్రం బయటికి వచ్చి ఉన్నాయి. ఒక మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. ప్రేమకథలకి ఇంతకంటే మంచి ప్రారంభాలుంటాయని ఒప్పుకోవాల్సిందే.

"ఎవరండీ మీరు?" అంది, తడిసిన గొడుగు ఇంకా ముడవకుండానే.

లోపల తల దేనికో ఠంగుమని తగిలిన చప్పుడు. "పైవాటా అండీ," అని స్టాండు వెనకనుంచి జవాబొచ్చింది.

"పైవాటా అయితే పైన ఉండాలి కదా?"

"ఉన్నానండీ. మీ నాన్నగారే దించారు."

నాన్న వంటింట్లోంచి టీ కప్పుతో వచ్చారు. "నేనే పిలిచానే అమ్మడూ. మీ ఆఫీసువాళ్ళు పెద్ద తెర మీద చూసి పంపమన్నారన్నావుగా. నువ్వొచ్చేలోపు ల్యాప్‌టాప్ టీవీకి తగిలించి ఉంచుదామనీ. ఈ అబ్బాయి కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తాడు."

"చూపు పరీక్షకీ టీవీకీ ఏమిటి నాన్నా సంబంధం?"

"రెండూ చూడ్డమేగా!"

నాన్న తూనికల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. త్రాసులో వెంట్రుకంత తేడా ఉన్నా పట్టేసే మనిషి. ఆయన తూకంలో ఎప్పుడూ తప్పు రాలేదు. వస్తే తర్కంలోనే వచ్చేది.

అమ్మాయి చేసేది సబ్‌టైటిల్స్ పని. ఎక్కడెక్కడి సినిమాలకో కింద వచ్చే తెలుగు మాటలు ఇంట్లో కూర్చుని రాస్తుంది. ల్యాప్‌టాప్‌లో బుద్ధిగా కూర్చున్న అక్షరాలు పెద్ద తెర మీదికి వెళ్ళేసరికి కథానాయిక మెడలో హారంలా వేలాడతాయి. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు టీవీ కావాలంది. మిగతా వారమంతా టీవీ అమ్మది. అమ్మ సీరియళ్ళు వచ్చే తీగ వేరే ఉంది, దాన్ని ముట్టుకునే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

టీవీ మీద 'సిగ్నల్ లేదు' అని నీలంగా వెలుగుతోంది. అమ్మాయి వంగి చూసింది. అబ్బాయి కేబుల్‌ని రెండో కన్నంలో పెట్టాడు. టీవీ ఏమో మొదటి కన్నం వైపు చూస్తోంది. చుట్టం వీధి గుమ్మంలో నిలబడితే పెరటి తలుపు తీసి చూస్తున్నట్టుంది వ్యవహారం. రిమోట్‌లో ఒక్క బటన్ నొక్కితే సరిపోతుంది.

చెబుదామని నోరు తెరిచింది. అంతలో అతను కేబుల్ కాస్త కదిపి, షాపులో అలవాటైన గొంతుతో, "ఇప్పుడు బాగుందాండీ? ఇలా? తొందర లేదు, చూసి చెప్పండి. ఇందాకటిలా బాగుందా, ఇలా బాగుందా?" అన్నాడు.

తన అభిప్రాయం కోసం ఒక మనిషి అంత ఓపిగ్గా ఎదురుచూడ్డం ఆమెకి కొత్త. నోరు మూసేసుకుంది. ఆ అమ్మాయి తెలిసిన విషయం చెప్పకుండా నోరు మూసుకుందంటే అమ్మకి అప్పుడే అనుమానం రావాల్సింది.

వచ్చింది కూడా. అమ్మ ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది.

చివరికి కేబుల్ ఎలాగో మొదటి కన్నంలో పడింది. తెర మీద బొమ్మ వచ్చింది.

"చూశావా! చదువంటే ఇదీ!" అన్నారు నాన్న.

"అవును నాన్నా," అంది అమ్మాయి వినయంగా.

పై ఆదివారానికి కేబుల్ మళ్ళీ రెండో కన్నంలోకి వెళ్ళిపోయింది. ఇంట్లో ఎలుకలు లేవు.

"మళ్ళీ రావట్లేదేమిటే?" అన్నారు నాన్న. "ఆ అద్దాలబ్బాయిని పిలువు."

"పాపం, ఆదివారం పూట కూడా ఏం ఇబ్బంది పెడతాం నాన్నా," అంటూ అమ్మాయి అప్పటికే సగం మెట్లెక్కేసింది.

అలా ఆదివారాలు సాగాయి. ఒక వారం బొమ్మ టీవీలో, మాట ల్యాప్‌టాప్‌లో వచ్చాయి. ఒక వారం బొమ్మ తలకిందులైంది. అద్దాలబ్బాయి ప్రతిసారీ కేబుల్ తప్ప అన్నీ చూసేవాడు. ప్లగ్గు చూసేవాడు, లైటు చూసేవాడు, కిటికీ తెర చూసేవాడు. మధ్యమధ్యలో అమ్మాయిని చూసేవాడు. అదీ పరీక్షలో భాగమే అన్నట్టు ముఖం పెట్టేవాడు. బొమ్మ వచ్చాక వెళ్ళకుండా కూర్చుని సినిమా చూసేవాడు.

"ఏవండీ, ఈ వాక్యం నేను చదివేలోపు ఆయన చచ్చిపోయాడు."

"ఆయన తొందరపడి చస్తే నేనేం చెయ్యను?"

"రెండు మాటలు తగ్గించండి. మనం చదివాక చస్తాడు, పాపం."

"మీ చూపు మందమేమో చూపించుకోండి."

"అక్షరాలు చిన్నవి. మా షాపులో కూడా చార్టు చివరి వరుస ఎవరూ చదవరండీ. ఊహించి చెప్పేస్తారు. నేను ఊరుకోను. ఊహించకండి, చదవండి అంటాను."

అమ్మాయి మూతి తిప్పింది. తిప్పి, రెండు మాటలు తగ్గించింది.

ఒక ఆదివారం సినిమాలో వాన, కిటికీ బయట వాన. తెర మీద ఒక జంట తడుస్తూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఎంతకీ చూపు తిప్పుకోరు, జలుబు చేస్తుందన్న ఇంగితం కూడా లేదు.

"కింద ఏమీ రాయలేదేం?" అన్నాడు అతను మెల్లగా.

"మాట్లాడితేనే కదండీ రాసేది."

"మాట్లాడకపోయినా తెలుస్తోందిగా."

"తెలిసినవాళ్ళకి రాయక్కర్లేదు."

అతను ఏదో అనబోయాడు. అమ్మ దగ్గింది. నాన్న మాత్రం, "తలుపు తీసిపెట్టి మరీ తడుస్తున్నారేమిటి మూర్ఖులు," అని తెర మీద వాళ్ళని తిట్టారు.

అంతా ఇలాగే సాగేదేమో కానీ, ఒక వారం అద్దాలబ్బాయి ప్లగ్గు చూస్తూ, ఎవరితోనూ కానట్టు అన్నాడు. "మా ఓనరు ఇంకో ఊళ్ళో షాపు తెరుస్తున్నారండీ. నన్ను వెళ్ళి చూసుకోమంటున్నారు. రేపు కాక వచ్చే సోమవారం పొద్దున చెప్పాలి, వెళ్తానో లేదో."

"శభాష్!" అన్నారు నాన్న. "ఈ వయసులోనే పైకి రావాలి బాబూ."

"మంచిదేగా," అంది అమ్మాయి, ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

"మంచిదేనంటారా?"

"షాపంతా మీ చేతిలో ఉంటే మంచిదే కదండీ మరి."

అతను ఆగాడు. ఆగడమే అతని వృత్తి. ఇది బాగుందా, అది బాగుందా అని అడిగి, అవతలివాళ్ళు తేల్చేదాకా నిలబడాలి. తనంతట తాను 'ఇదే బాగుంది' అంటే ఉద్యోగం పోతుంది. ఆమె వృత్తి ఏమో అవతలివాళ్ళు నోరు విప్పితే తప్ప అక్షరం రాయనిది. ఇలాంటి ఇద్దరు ఒకరికొకరు దొరకడం దేవుడి హాస్యం కాకపోతే ఏమిటి!

ఆ వారమంతా అమ్మాయి రాసిన సబ్‌టైటిల్స్‌లో తప్పులున్నాయని ఆఫీసునుంచి ఫోన్లు వచ్చాయి.

ఆదివారం నాన్నే పైకి వెళ్ళి అతన్ని స్వయంగా దించుకొచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"బాబూ, నువ్వెళ్ళిపోతే మాకు దిక్కెవరని ఆలోచించాను. ఇదిగో, ఇది కొన్నాను. తీగ లేదు, కన్నం లేదు. గాల్లోనే వచ్చేస్తుందట!"

టీవీ వెనక బొటనవేలంత నల్లటి వస్తువు వేలాడుతోంది. నాన్న ల్యాప్‌టాప్‌లో ఒకచోట నొక్కారు. క్షణంలో తెర మీద బొమ్మ. ప్లగ్గు లేదు, లైటు లేదు, కిటికీ తెర లేదు.

"బాగా పనిచేస్తోందండీ," అన్నాడు అద్దాలబ్బాయి, ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టు.

అమ్మాయి ఆ నల్ల వస్తువుని సవతిని చూసినట్టు చూసింది.

"అయితే నేను వెళ్తాను అంకుల్. రేపు పొద్దున ఓనరుకి చెప్పాలి."

"ఏమని చెబుతున్నారు?" అంది అమ్మాయి.

"ఇక్కడ నాకింక పనేముందండీ," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి చెప్పుల కోసం వెతికాడు. అవి ఎదురుగానే ఉన్నాయి.

"ఒక్క నిమిషం ఆగండి." అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుంది. "కొత్త మిషన్ కదా, అక్షరాలు ఎంత దూరం కనిపిస్తాయో చూసి వెళ్ళండి. అక్కడే నిలబడండి."

టకటకా టైపు చేసింది. తెర మీద వరుసలు పడ్డాయి. పైన గుమ్మడికాయంత అక్షరాలు, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి, అచ్చం అతని షాపు గోడ మీద చార్టులాగే.

"చదవండి."

"కేబుల్," అని చదివాడు అతను.

"తర్వాత?"

"ప్రతి శనివారం... మార్చింది..." గొంతు సవరించుకున్నాడు. "నేనే."

"ఏమిటీ?" అన్నారు నాన్న.

"చదవనివ్వండి," అంది అమ్మ.

"చివరి వరుస?"

"చీమ తలకాయంత ఉందండీ. బహుశా..."

"ఊహించకండి," అంది అమ్మాయి. "చదవండి."

అతను గదిలోకి తిరిగొచ్చాడు. టీవీకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి నిలబడ్డాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఉన్నది ఒకటే మాట.

"ఏం రాసుందయ్యా?" నాన్నకి ఓపిక పోయింది.

"'వెళ్ళొద్దు' అనుంది అంకుల్."

అద్దాలబ్బాయి వెనక్కి తిరిగాడు, ఈసారి ఎవర్నీ ఏదీ అడగలేదు.

"వెళ్ళనండీ. ఇంకొకటి చెప్పాలి. రిమోట్‌లో ఒక్క బటన్ నొక్కితే చాలని నాకు మొదటి వారమే తెలిసింది. ఫోన్‌లో చూశాను."

"మరి నొక్కలేదేం?"

"నొక్కితే మెట్లెక్కేయాలి కదండీ."

అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి ల్యాప్‌టాప్ మూత అడ్డం పెట్టుకుంది. "కేబుల్ ఎవరు మారుస్తున్నారో కూడా తెలుసా?"

"మీరేనని ఆశపడ్డాను. మీ నాన్నగారేమోనని భయపడ్డాను."

నాన్న సోఫాలో కూలబడ్డారు. తూనికల శాఖలో అన్నేళ్ళు చేసిన మనిషి, తన ముందు గదిలోనే ఇంత దొంగ తూకం జరిగిందంటే తట్టుకోవాలి కదా. "ఇదేమిటే ఇదీ? ఇది కావాలని మారుస్తుంది, వాడు తెలిసీ వెతుకుతాడు! నీకేమైనా తెలుసా?" అన్నారు అమ్మతో.

అమ్మ చివరి దుప్పటి అంచులు కలిపి మడత పెట్టింది.

"పోయిన నెల దీనికి జ్వరమొచ్చి పడుకున్న శనివారం ఎవరు మార్చారనుకున్నారూ?"

నాన్న భార్యనీ, కూతుర్నీ, అద్దాలబ్బాయినీ మార్చి మార్చి చూశారు. కాసేపటికి ఇన్‌స్పెక్టరు గొంతు తిరిగొచ్చింది.

"వాళ్ళమ్మానాన్నల ఫోన్ నంబరు తీసుకో," అన్నారు అమ్మతో. అబ్బాయి వైపు తిరిగి, "నువ్వు కూర్చోవయ్యా. ఇంతకీ ఈ నల్లముక్కని షాపువాడు వెనక్కి తీసుకుంటాడంటావా?"

అమ్మాయి ల్యాప్‌టాప్ మూసి, సోఫాలో కాస్త పక్కకి జరిగింది. అతను కూర్చున్నాడు.

"ఇలా బాగుందా," అంది అమ్మాయి, అచ్చం అతని గొంతుతో, "గుమ్మం దగ్గరే బాగుందా? తొందర లేదు, చూసి చెప్పండి."

"ఇలాగే," అన్నాడు అతను, చూడకుండానే.

మూసేసిన ల్యాప్‌టాప్ నిద్రపోయింది. తెర నీలంగా మారి 'సిగ్నల్ లేదు' అంది. నాన్న సరిచేద్దామని లేవబోతే అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

టీవీకేం తెలుసు!